మొదటి సైటేషన్

పరిశోధకురాలి వ్యాసం అచ్చయి ఏడాదిన్నరైనా చదివిన నాథుడు లేడు. ఇంకో పరిశోధకుడెవరైనా తన వ్యాసంలో దాన్ని పేర్కొంటే అది ఒక సైటేషన్. వచ్చే ఏడాదిలోగా ఒక్కటైనా రాకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని విభాగాధిపతి తేల్చేశాడు.

"జనం నోట్లో పడితేనే కదమ్మా తోటివాళ్లు చూసేది. ఫోన్లో పెట్టు," అని ఓ ఉచిత సలహా కూడా పడేశాడు.

పెట్టింది. ఒక ఆకు రసం ఎలుకల్లో రక్తపోటు తగ్గించిందన్నది ఆమె వ్యాసం. ఫోన్లో పెట్టడానికి చేసిన బొమ్మ మీద చోటు చాలక 'ఎలుకల్లో' అన్న మాట తీసేసింది. కావలసినవాళ్లు వ్యాసం చూసుకుంటారులే అనుకుంది. ఎవరు చూస్తారు? వారం తిరిగేసరికి మూడు లక్షలమంది ఒకరికొకరు పంపుకున్నారు. సైటేషన్ల గడిలో సున్నా మాత్రం చెక్కుచెదరలేదు.

అందరికంటే మురిసిపోయింది పిన్ని. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆవిడే. "మా పిల్ల కనిపెట్టిందండీ!" అని ఎదురింటావిడకు ఫోన్ చూపించింది. బీపీ మాత్రలు మానేసి, రోజూ పొద్దున్నే గ్లాసుడు రసం తాగుతున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. బీపీ తగ్గాక చెప్పి, పిల్లను ఆశ్చర్యపరచాలని ఆవిడ సరదా.

మూడో నెలలో వంటింట్లో కుప్పకూలింది. కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. విప్పని మాత్రల అట్టలు, పక్కనే ఆకు రసం గ్లాసు చూశాక పరిశోధకురాలికి సంగతి అర్థమైంది. ఆసుపత్రిలో డాక్టరుకు ఏడుస్తూ అంతా చెప్పింది. ఈ కేసు గురించి వైద్య పత్రికలో రాస్తామంటే సంతకమూ పెట్టింది.

కాంట్రాక్టు పొడిగింపు దరఖాస్తుకు ఆఖరి రోజున విభాగాధిపతి హడావుడిగా వచ్చాడు. "మొత్తానికి ఒకటి పడిందమ్మా!"

ఆ వ్యాసం తెరిచింది. 'అరవై రెండేళ్ల స్త్రీ. బంధువు ఫోన్లో పెట్టిన సమాచారం నమ్మి...' చివర పేర్కొన్న వ్యాసాల్లో మొదటిది తనదే.

"సార్, ఇది మా పిన్ని."

ఆయన తల దించుకున్నాడు. "మెచ్చుకున్నారా, తిట్టారా అని కమిటీ చూడదమ్మా. ఎన్ని అనే చూస్తుంది."

ఈ ఉద్యోగం పోతే పిన్నిని చూసుకునే ఆయా ఉండదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా దరఖాస్తులో సైటేషన్ల గడిలో ఒకటి అని వేసింది. పత్రిక పేరు, పేజీ నంబరు తప్పుల్లేకుండా నింపింది.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "నా ఉద్యోగం నిలబడేలా ఉంది పిన్నీ," అంది. పిన్ని ఎడమచెయ్యి చాచి ఆమె తల నిమిరింది. ఆ చెయ్యి తీసెయ్యమని అరవాలనిపించింది. తల వంచుకుని అలాగే కూర్చుంది.