మీసం పెట్టిన చెయ్యి

ఎదుటివాళ్లను నవ్వించడం అప్పయమ్మకు పుట్టుకతో వచ్చిన జబ్బు. చావింటికి పరామర్శకు వెళ్లినా సరే, పదోరోజు లోపల ఆ ఇంటివాళ్లను ఒక్కసారైనా నవ్వించకుండా తిరిగొచ్చేది కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ముప్పై ఐదేళ్లు, భర్త సూర్యం రిటైరయ్యాక అదే ఊళ్లో కుదుదండ్‌లో కట్టుకున్న ఇంట్లో పాతికేళ్లు. ఇన్నేళ్లలో ఆ నోటికి అడ్డుకట్ట వేసిన మొనగాడు లేడు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున్న వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, మనవరాలు తనూజ ఫోనులోంచి చదివి వినిపిస్తున్న మాటలకు పెళ్లికొడుకు తల్లిలా పొంగిపోతూ కూర్చుంది.

తనూజ చేసే పనేమిటో ఇరుగుపొరుగులో ఎవరికీ తెలియదు. "మా గుంట కంప్యూటర్లో ఏదో రాస్తాది" అని అప్పయమ్మే మాట దాటేసేది. నిజానికి ఆ పిల్ల ఇంట్లో కూర్చునే ముంబైలో ఒక కంపెనీకి బొమ్మల సీరియల్ రాస్తుంది. బొమ్మలంటే చిన్నపిల్లలు చూసేవి కావు. వాటిలో తాగుబోతులుంటారు, మొగుడూ పెళ్లాల యుద్ధాలుంటాయి, హిందీ బూతులుంటాయి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లే చూడాలని మొదట్లోనే రాసి చూపిస్తారు. ఆ బూతుల సిగ్గుతోనే ఇంట్లోవాళ్లు సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 'టూటీఫూటీ కాలనీ', అంటే విరిగిపోయిన కాలనీ, దాని పేరు. మొన్న శుక్రవారం ఏడో భాగం వచ్చింది. చూసినవాళ్లంతా దాని కింద తమకు తోచింది రాస్తున్నారు.

"సున్ మామ్మా, విను, నాగపూర్‌వాడెవడో రాశాడు. 'ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే ఫస్టు. నవ్వలేక చాయ్ ముక్కులోంచి వచ్చింది' అట."

"ఇంకోటి సదువు."

"'మీసాల ఆంటీకి వేరే సీరియల్ పెట్టండి.' దీనికి నాలుగు వేల లైకులు."

"నాలుగేలే! వొలమ్మా, మా ఊరూ మీ తాత ఊరూ కలిపినా అంతమంది నేరు గదే!"

"ఇంకొకడు బూతులు ఎక్కువయ్యాయి అంటున్నాడు. వాడి కిందే ఇంకొకడు, తక్కువయ్యాయి అంటున్నాడు."

"ఆలిద్దరికీ పెళ్లి సేసీయి."

తనూజ పకపకా నవ్వి వేలితో తెర పైకి జరిపింది. "ఒకావిడ మాత్రం, 'అందరూ ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. ఆ ఆడమనిషి చెయ్యి వణుకుతుంటే నాకు ఏడుపొచ్చింది' అని రాసింది. ఛోడో, వదిలెయ్, ఈమెకి కామెడీ తెలీదు."

అప్పయమ్మ చేతిలో చిక్కుడుకాయ సగం ఈనెతో ఆగిపోయింది. ఎవరామె? ఎక్కడుంటుందో, ఏ భాషదో. ఆ ఒక్కతే సరిగ్గా చూసింది.

ఏడో భాగంలో కథ ఇది. గూడ్సు బండి గార్డు ఒకడు సారా తాగి మంచం కింద పడి ఉంటాడు. డ్యూటీకి రమ్మని పిలిచే కాల్‌మేన్ పుస్తకం పట్టుకుని సంతకానికి వస్తాడు. గార్డు పెళ్లాం మొగుడి తెల్లకోటు తొడిగి, టోపీ పెట్టి, కాటుకతో మీసం దిద్దుకుని, మగ గొంతుతో దగ్గి, కిటికీలోంచి సంతకం పెడుతుంది. చెమటకు మీసం కారి గడ్డం దాకా వస్తుంది. కాల్‌మేన్ ఆమె గాజులు చూసి, "సంతకం బాగుంది గార్డుసాబ్" అని వెళ్లిపోతాడు.

ఈ కథ తనూజకు ఇచ్చింది అప్పయమ్మే. పోయిన వానాకాలంలో పిల్ల తలపట్టుకుని, "బుర్ర ఖాళీ అయిపోయింది మామ్మా, ఏదైనా చెప్పు" అంటే చూడలేక చెప్పింది. ఎవరి కథో చెప్పలేదు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఇంకాస్త నవ్వించాలని ఇంకాస్త కలిపింది. కూరలో ఉప్పు చాలలేదని వేసినట్టు, మీసం ఒకటి, సారా ఒకటి వేసింది.

జరిగింది వేరు. నలభై ఐదేళ్ల కిందటి ఏప్రిల్ నెల అది. పక్క క్వార్టర్లో శేషగిరిరావు గూడ్సు గార్డు, ఆయన భార్య హైమావతి. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఇటు పోపు పెడితే అటు తుమ్మేవాళ్లు. ఒకరోజు గతౌరా స్టేషన్ దాటాక ఆయన బండి కింద ఒక మనిషి పడ్డాడు. పోలీసులు వచ్చేదాకా శేషగిరిరావు ఆ ఎండలో తన కోటు తీసి శవం మీద కప్పి, కుక్కలు దగ్గరికి రాకుండా పట్టాల పక్కన కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక మూడు రోజులు అన్నం ముట్టలేదు. మూలన కూర్చుని ఏడ్చాడు. చుక్క మందు వాసన ఎరగని మనిషి, చంటిబిడ్డలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గోడ ఇవతల అప్పయమ్మకు అదంతా వినిపించింది.

మూడోనాటి మధ్యాహ్నం అప్పయమ్మ హైమావతి దగ్గర ఉండగానే కాల్‌మేన్ గోవిందరావు వచ్చాడు. పుస్తకంలో సంతకం పడకపోతే పిలుపును కాదన్నట్టు లెక్క. ఆపైన కాగితాలు, పనిష్మెంటు. హైమావతి ఆయన రెండో కోటు తొడుక్కుని టోపీ పెట్టుకుంది. తలుపు సగం మూసి, మొహం లోపలికి తిప్పుకుని, చెయ్యి మాత్రం బయటికి చాపి సంతకం పెట్టింది. మీసం లేదు, మగ గొంతు లేదు. ఆ చెయ్యి వణకడం మాత్రం నిజం. గోవిందరావు గాజులు చూశాడు. చూసి తల పక్కకు తిప్పుకుని, "సంతకం బాగుంది గార్డుగారూ" అని సైకిలెక్కాడు. సంతకానికీ బండికీ మధ్య రెండు గంటలు. ఆ రెండు గంటల్లో హైమావతి మొగుడికి తలంటి, నాలుగు ముద్దలు తినిపించి, బట్టలు వేసి, యార్డు దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆయన క్యారేజీ పట్టుకుని వెనకాల నడిచింది అప్పయమ్మే. తిరిగి వస్తుంటే హైమావతి ఒక్కటే మాట అంది: "ఇది మన గోడ దాటకూడదు వొదినా."

నలభై ఐదేళ్లు దాటలేదు. దాటిన రోజున ఇలా దాటింది.

గేటు చప్పుడైంది. చూస్తే హైమావతే. చేతికర్ర, నల్ల కళ్లజోడు. నెల కిందట కంటి ఆపరేషన్ అయింది. రెండు సందుల అవతల కొడుకింట్లో ఉంటుంది. శేషగిరిరావు పోయి పన్నెండేళ్లయింది.

"తనూజా, ఉన్నావేటే? నీతో పనొచ్చింది." హైమావతి కుర్చీలో కూలబడి జోడు తీసింది. కళ్లు రెండూ మిరపపళ్లలా ఉన్నాయి.

"అదేటి వొదినా, ఆ కళ్లేటి అలగున్నాయి?" అంది అప్పయమ్మ.

"సుక్కలేసుకోడం మానేసేను. మూడ్రోజులైంది."

"సుక్కలేసే ఉషారాణి రావడం నేదా?"

"దాని పేరెత్తకు." హైమావతి కర్రతో నేలను పొడిచింది. "మా మనీష్‌గాడు శుక్రవారం ఫోన్లో బొమ్మలు సూపించేడు. 'నానమ్మా, రైల్వే కాలనీ కార్టూన్, దేఖో' అని. సూసేను. నా ఇల్లే. నా సెయ్యే. నా మొగుడు తాగి మంచం కింద పడున్నాడు. ఊరూ వాడా నవ్వుతున్నారు. 'సంతకం బాగుంది' అన్న మాట కూడా ఉంది వొదినా! ఆ మాట ఇన్నది ముగ్గురం. నువ్వూ, నానూ, గోవిందరావు."

అప్పయమ్మ తీసేసిన ఈనెల్ని మళ్లీ చేటలోకే ఏరుతోంది.

"ఆ గోవిందరావే ఆల ఇంట్లో సెప్పి సచ్చేడు. ఆడి కోడలు ఆ ఉషారాణి ఎవరికో సెప్పింది. మొన్న సుక్కలెయ్యడానికొస్తే మొహం మీదే అడిగేను. 'నాకేటీ తెలీదు పెద్దమ్మా' అని ఏడిసింది. 'నీ సెయ్యి నా కంటికి తగలనివ్వను, పో' అన్నాను."

"ఆలే అని నీకేటి తెలుసు?" అడిగింది అప్పయమ్మ, తలెత్తకుండా.

"తెలవకేటి? సెప్పినోడికి ఆయన ఏడిసింది తెలవదు, అందుకే తాగేడనుకున్నాడు. అంటే తలుపు బయట ఉన్నోడే గదా? నువ్వు సెప్తే, ఏడిసేడని సెప్తావు. తాగేడని నువ్వెందుకు సెప్తావు?"

ఎంత సరిగ్గా లెక్క కట్టింది! అప్పయమ్మ కలిపిన అబద్ధమే అప్పయమ్మకు గొడుగైంది. ఆ గొడుగు కింద ఆమె తడవకుండా నిలబడితే, జీవితాంతం నోరు మూసుకున్న గోవిందరావు పోయాక కూడా తడుస్తున్నాడు. రోజూ పూటపూటకూ వచ్చి పరాయి ముసలిదాని కళ్లలో చుక్కలు వేసిన పిల్ల తడుస్తోంది.

"తనూజా, ఆ బొమ్మల కింద జనం రాస్తారట గదా. మనీష్‌గాణ్ని రాయమంటే 'ఒద్దు నానమ్మా, అందరూ ఎక్కిరిస్తారు' అన్నాడు. నువ్వు రాయి. 'ఆ గార్డు తాగుబోతు కాడు. గోవిందరావు అనే కాల్‌మేను, ఆడి కోడలు ఉషారాణి, ఇల్లు పలానా సందు, ఆలు అబద్ధం సెప్పేరు.' అలగ రాయి. లోకమంతా సూడాలి."

తనూజ ఫోను పట్టుకుంది గానీ వేళ్లు కదల్లేదు. ఆ పిల్ల తెలివిగలది. ఎవరి కథ రాసిందో, ఎవరు ఇస్తే రాసిందో అర్థమైపోయింది. తలెత్తి మామ్మ వైపు చూసింది. నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను అన్నట్టుంది ఆ చూపు. దానికే అప్పయమ్మకు ఎక్కువ భయం వేసింది. తన నోటి పాపం కడుపున పుట్టినవాడి కూతురికి కూడా అంటుకుంటోంది.

"రాయవేటే?" అంది హైమావతి.

"రాయొద్దు." అప్పయమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. "గోవిందరావు కాదు వొదినా. నాను."

"ఏటి నువ్వు?"

"నానే సెప్పేను. ఈ గుంటకి. ఆ సీరియల్ రాసింది ఇదే. ఎవరి కథో దీనికి తెలీదు. తప్పు దీంది కాదు."

హైమావతి కర్ర మీద రెండు చేతులూ ఆన్చి ముందుకు వంగింది. వీధిలో కూరగాయల బండివాడు "టమాటర్ లే లో" అని అరుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోయాడు.

"మీసం?"

"నానే ఎట్టేను."

"సారా?"

"అదీ నానే."

"ఎందుకే?" ఆ గొంతులో కోపం లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఏడిసేడంటే గుంట నవ్వదు గదా" అంది అప్పయమ్మ.

తనూజ వచ్చి హైమావతి మోకాళ్ల దగ్గర కూర్చుంది. "సారీ నానమ్మా. కంపెనీకి చెప్పి తీయించేస్తాను. ఎలాగైనా..."

"ఎంతమంది సూసేరు?"

తనూజ తల దించుకుంది. "ఆరు లక్షలు."

"ఇంకేటి తీస్తావు!" హైమావతి జోడు తుడుచుకుని పెట్టుకుంది. "రాయి. ఆ గార్డు తాగలేదని రాయి. కోటు శవానికి కప్పేడని రాయి." ఆగింది. ఆ తర్వాతి మాట నలభై ఐదేళ్లుగా ఆమె గోడ దాటనివ్వని మాట. "మూడ్రోజులు ఏడిసేడని కూడా రాయి. పేరు మటుకు ఒద్దు."

తనూజ రాసింది. హిందీలో చదివి వినిపించింది. హైమావతి తలూపి లేచింది.

"వొదినా, టీ పెడతాను, కూకో" అంది అప్పయమ్మ.

"టీ ఒద్దు. నడు."

"ఎక్కడికి?"

"ఉషారాణి కాడికి. నా నోటితో నాను దాన్ని తిట్టేను. నీ నోటితో నువ్వు సెప్పు."

ఎప్పుడు బయటికి వెళ్లినా ఆ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తారు. సందు చివర పిల్లలు చూసి, 'జోడీ వచ్చింది' అని ఆటపట్టిస్తారు కూడా. ఆ రోజు హైమావతి కర్ర పట్టుకుని ముందు నడిచింది. చూపు సరిగ్గా ఆనక గుంతలో కాలు పడబోయినప్పుడు అప్పయమ్మ చెయ్యి చాపింది. ఆమె కర్ర ఊతంగా తనే నిలదొక్కుకుంది గానీ ఆ చెయ్యి అందుకోలేదు. దారిలో ఒక మేక ఎవరిదో ఆరేసిన చీర నములుతోంది. దాని మీద ఒక మంచి మాట అప్పయమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

ఉషారాణి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఇద్దర్నీ చూసి లేచి నిలబడింది. లోపలికి రమ్మనాలో వద్దో తెలియక చీర కొంగు వేలికి చుట్టుకుంది.

అప్పయమ్మ ఏ కథ చెప్పినా ముందు ఊరి పేరుతో మొదలుపెట్టి, నాలుగు సందులు తిప్పి, మధ్యలో ఇద్దరి గొంతులు అనుకరించి గానీ అసలు సంగతికి రాదు. ఆ పొద్దున్న నాలుగే మాటలు చెప్పింది. "మీ మావ ఎవరికీ సెప్పలేదు ఉషారాణీ. సెప్పింది నాను. తాగేడన్న అబద్ధం కూడా నాదే. మీ మావ ఆ రోజు గాజులు సూసి కూడా మొహం తిప్పుకున్న మారాజు."

ఉషారాణి లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని, చుక్కల సీసా పట్టుకొచ్చింది. మూడు రోజులుగా దాన్ని తన ఫ్రిజ్‌లోనే దాచి ఉంచినట్టుంది. "తల పైకెత్తు పెద్దమ్మా" అంది.

హైమావతి అరుగు మీద కూర్చుని తలెత్తింది. ఉషారాణి సీసా మూత తీసి, పెట్టడానికి చోటు లేక, పక్కనున్న అప్పయమ్మ చేతిలో పెట్టింది. గోరంత మూత. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని అప్పయమ్మ అలాగే నిలబడింది. చుక్కలు పడ్డాయి. హైమావతి కళ్లు మూసుకుంది. అయిదు నిమిషాలు తెరవకూడదు.

తెరిచాక ఆమె ముందు ఎటు చూస్తుందోనని అప్పయమ్మ కదలకుండా ఎదురుచూస్తోంది.