ఏడు లెక్కపెట్టేదాకా

"చేతిలోది కింద పెట్టి జవాబివ్వాలమ్మాయ్. అది మర్యాద," అంది అత్తగారు కుర్చీలోంచి.

చేతిలోది అంటే ఏమిటనుకున్నారు? కుడిచేతిలో తడిబట్టల బకెట్టు, ఎడమ చంకలో పిండిన దుప్పటి, పళ్ళ మధ్య రెండు క్లిప్పులు. ఎదురుగా గుమ్మానికి అడ్డంగా మొగుడు నిలబడ్డాడు. కుడి అరచెయ్యి ముందుకు చాపి, బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ ఎడం ఎడంగా నిలబెట్టి, ఉంగరం వేలూ చిటికెన వేలూ సగానికి మడిచి, పెళ్ళాం జవాబు కోసం చూస్తున్నాడు. కాస్త పక్కకి జరిగితే ఆవిడ బట్టలు ఆరేసుకుంటుంది కదా! జరగడు. టీవీలో ‘ఏడో కక్ష్య’ అని ఒక సీరియల్ వచ్చేది. గ్రహాల మధ్య తిరిగే ఓడ, అందులో డజను మంది జనం. వాళ్ళు ఒకరికొకరు ఎదురైనప్పుడల్లా అలా వేళ్ళెత్తి "నీ కక్ష్య నిలకడగా ఉండుగాక" అనుకునేవాళ్ళు. ఆ సీరియల్ అయిపోయి చాలా ఏళ్ళయింది. ఈ ఇంట్లో మాత్రం అవలేదు.

ఇంట్లో ఆమెను ‘భూలోకం’ అని పిలుస్తారు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆ వేళ్ళెత్తలేదు కనక మొగుడి స్నేహితులు పెట్టిన పేరు. పనిచేసే డ్రైక్లీనింగ్ షాపులో ‘రఫ్ఫమ్మ’ అంటారు. నిప్పురవ్వ పడ్డ కోటైనా, పురుగు కొట్టిన శాలువైనా, దారం వెంట దారం లాగి, చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారే వెతుక్కునేలా నేసేస్తుంది. మనం రఫ్ఫమ్మ అనే అందాం. అది ఆమె వేళ్ళు సంపాదించిపెట్టిన పేరు.

పెళ్ళయిన కొత్తలో ఆ వేళ్ళ గుర్తు చూసి ముచ్చటపడింది కూడా, అబద్ధమెందుకు. కరెంటాఫీసు గుమాస్తా, పొద్దస్తమానం కాగితాల్లో తలదూర్చే మనిషి, చిన్నపిల్లాడిలా ఆడుకుంటున్నాడులే అనుకుంది. ఆర్నెల్లకి జ్వరం వచ్చింది. మంచం మీంచి లేవలేక "కాసిని మంచినీళ్ళిస్తారా" అనడిగింది. ఆయన గుమ్మంలో నిలబడి, వేళ్ళెత్తి, "నీ కక్ష్య నిలకడగా ఉండుగాక" అని దీవించి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అప్పుడు అర్థమైంది ఆ గుర్తు దేనికి పనికొస్తుందో. అన్నం పెట్టినందుకు మంచి మాట అనాల్సినచోట వేళ్ళు. అరిచినందుకు తప్పయిందనాల్సినచోట వేళ్ళు. వాళ్ళమ్మ అందరి ముందూ కోడల్ని చులకన చేస్తే, నోరు విప్పి ఒక్క మాట అడ్డం వెయ్యాల్సినచోట కూడా ఆ ఐదు వేళ్ళే. ఒకసారి ఎదురింటాయన పోతే, ఏడుస్తున్న ఆయన భార్య ముందు నిలబడి అలాగే ఎత్తాడు మహానుభావుడు. పాపం ఆవిడ కొడతాడేమోనని రెండడుగులు వెనక్కి వేసింది. రఫ్ఫమ్మ సిగ్గుతో చచ్చిపోయి, ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూచుంది. ఇంటికొచ్చాక, "నీకు ఆ గుర్తులో ఉన్న గొప్పతనం తెలీదు. నీ బుర్ర సూదీ దారం దాటి పోదు," అన్నాడు మొగుడు.

ఆదివారం వచ్చిందంటే ఆ ఇంటి హాల్లో ఓడ బయల్దేరుతుంది. ఆ సీరియల్ అభిమానుల క్లబ్బు అది, మొగుడితో కలిపి తొమ్మిది మంది సభ్యులు. అందరూ ఇంత ఇంత మనుషులు, ఉద్యోగాలు చేసేవాళ్ళు. వాళ్ళ మీద ఒక కెప్టెన్, తూనికలూ కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎవరు చెయ్యెత్తినా మిగతావాళ్ళు లేచి నిలబడి చెయ్యెత్తాలి. కెప్టెన్ ఏడు లెక్కపెట్టేదాకా ఎవరూ దించకూడదు. దించితే ఆ కక్ష్య చెడిపోతుందట! వీళ్ళు వేసుకునే నీలం కోట్లకి భుజాల మీద పట్టీలు కుట్టింది రఫ్ఫమ్మ. వీళ్ళు తిన్న ప్లేట్లు తోమేది రఫ్ఫమ్మ. వారానికి ఒక్క సెలవు రోజు, ఆ ఒక్కటీ ఓడలో పోయేది. "వదినా, ఇంకో రౌండు టీ!" అనేవాడు ఒకడు. "భూలోకం వదినకి గురుత్వాకర్షణ ఎక్కువరా, మెల్లిగా కదుల్తుంది," అనేవాడు ఇంకొకడు. అత్తగారు పకపకా నవ్వేది. ఆవిడా వేళ్ళెత్తడం నేర్చుకుంది. నేర్చుకోదూ? కొడుకు పక్కన కూచోబెట్టుకునేది ఆ రెండు గంటలే.

ఆ ఆదివారం బాణలిలో నూనె మరుగుతోంది. బాణలి పిడికి మర వదులైందని రఫ్ఫమ్మ మూడు వారాలుగా చెబుతూనే ఉంది. మొగుడి జేబులో స్క్రూడ్రైవర్ ఉంది కూడా. కానీ అది ఓడ నమూనాకి మరలు బిగించడానికి. రఫ్ఫమ్మ పొయ్యి మీంచి బాణలి దింపబోయింది, పిడి ఊడింది, నూనె కుడి అరచేతిలో పడింది. అరవడానికి ఊపిరి అందక చెయ్యి పైకెత్తుకుని హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మంటకి చిటికెన వేలూ ఉంగరం వేలూ వాటంతటవే లోపలికి ముడుచుకున్నాయి. మిగతా మూడూ బిగుసుకుని నిలబడ్డాయి.

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు.

"భూలోకం వదిన ఎత్తిందిరోయ్!" అని ఒకడు గావుకేక పెట్టాడు.

పది చేతులు ఆమెకేసి లేచాయి. అత్తగారిదీ లేచింది. కెప్టెన్ గొంతు సవరించుకుని, "ఒకటి," అన్నాడు.

మొగుడు తన దగ్గరికి పరిగెత్తుకొస్తుంటే, హమ్మయ్య అనుకుంది రఫ్ఫమ్మ. వచ్చాడు. మోచేతి కింద చెయ్యి వేసి పైకెత్తి పట్టుకున్నాడు. "దించకు, దించకు. ఏడు అయ్యేదాకా దించకు," అన్నాడు చెవిలో. ఆయన కళ్ళల్లో నీళ్ళు. సంతోషంతో! సభ్యుల్లో ఒక కుర్రాడు ఎడమచేత్తో ఫోనెత్తి టకటకా నొక్కుతున్నాడు.

"మూడు," అన్నాడు కెప్టెన్.

"నీళ్ళు," అంది రఫ్ఫమ్మ.

"నీళ్ళు కాదమ్మాయ్, ‘నీ కక్ష్య నిలకడగా’ అనాలి. చెప్పు," అంది అత్తగారు ముద్దుగా.

ఏడు అన్నాక మొగుడు చెయ్యి వదిలాడు. రఫ్ఫమ్మ నేల మీద కూలబడింది. అప్పటికి గాని ఎవరికీ వాసన తగల్లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ చెయ్యి చూసి, "వెంటనే ఎవరూ పంపు కింద పెట్టలేదా? పెట్టుంటే ఇంత లోతుకి దిగేది కాదే," అంది. మొగుడు అందుకున్నాడు. "ఇంట్లో ఎవరం లేమండీ. ఒక్కతే ఉంది. కాస్త పరధ్యానం మనిషి." డాక్టరమ్మ అదే రాసుకుంది. రఫ్ఫమ్మ నోరెత్తలేదు. ఎందుకెత్తలేదని ఎవరైనా అడగొచ్చు. నొప్పి ఒకటి. సిగ్గు రెండోది. పదకొండు మంది చూస్తూ నిలబడ్డారని చెబితే, నువ్వేం మనిషివమ్మా నీకంత విలువ లేదా అని ఆ తెల్లకోటు ఆవిడ అనుకుంటుందేమోనని సిగ్గు. చూడండి ఆడవాళ్ళ బుద్ధి, కాల్చింది వాళ్ళు, ముఖం చెల్లనిది ఈవిడకి. ఇంటి పరువు అనే మూట ఒకటి పెళ్ళినాడు నెత్తిన పెట్టారు. చెయ్యి కాలినా తల ఆ మూటని మొయ్యడం మానలేదు.

గాయం మానింది గాని అరచేతి తోలు ముడుచుకుపోయి ఆ రెండు వేళ్ళనీ లోపలికి లాగేసింది. సగానికి మడుచుకుని అలాగే ఉండిపోయాయి. చాపుదామంటే సాగవు, మూద్దామంటే మూసుకోవు. ఎడమచేతి సాయంతో సూది పట్టి చూసింది. బట్టని బిగబట్టాల్సింది ఆ రెండు వేళ్ళే, అవి మాట వినవు. షాపు యజమానురాలు మంచిది కాదు, చెడ్డదీ కాదు. "ఆ చేత్తో నువ్వు కుడితే చిరుగు కంటే రఫ్ఫే ఎక్కువ కనపడుతోంది. చెయ్యి బాగుచేయించుకుని రా, నీ స్టూలు తియ్యను. అందాకా కౌంటర్లో రసీదులు చింపు," అంది. రఫ్ఫమ్మ రసీదులు చింపుతూ, లోపల తన స్టూలు మీద ఇంకో పిల్ల కూచుని ఒక శాలువాని పాడుచెయ్యడం చూసి, నొప్పికి రాని కన్నీళ్ళు అప్పుడు కార్చింది.

డాక్టరమ్మ చెప్పింది, ఆపరేషన్ చేసి ఆ ముడత వదిలిస్తే వేళ్ళు మళ్ళీ వస్తాయని. ఆలస్యమైతే కణుపులు బిగుసుకుపోయి ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరని. తారీఖు ఇచ్చింది, శనివారం పొద్దున్న.

ఆ శనివారమే క్లబ్బు వార్షికోత్సవం అని అప్పుడు బయటపడింది. హాలు మాట్లాడారట. ఊళ్ళ నుంచి ఇతర క్లబ్బుల వాళ్ళు వస్తారట. ఆ రోజు తీసిన ఫోటోని గుమ్మమంత చేసి అచ్చువేయించారు. మొగుడు గోడకి ఆనించి చూపించాడు. కళ్ళు పైకి తేలేసి, నోరు తెరిచి, చెయ్యెత్తి ఉన్న రఫ్ఫమ్మ. వెనక మరకలా మొగుడి చెయ్యి. కింద పెద్ద అక్షరాలు: ‘తొమ్మిదేళ్ళ మౌనం వీడిన వందనం’.

"నా మొహం చూశారా ఇందులో?" అనడిగింది.

"చూశాను. పారవశ్యం!" అన్నాడు.

"కాలుతోందండీ."

"కాలిందిలే, ఎవరు కాదన్నారు? కాలినా దించలేదు చూడు, అదీ విశేషం. కెప్టెన్ గారైతే ఉపన్యాసమే రాసుకున్నారు. నువ్వు స్టేజీ మీద నిలబడి చెయ్యెత్తితే చాలు. ఇప్పుడైతే కష్టపడి మడవక్కర్లేదు కూడా, వేళ్ళు వాటంతటవే అలా ఉన్నాయి."

"శనివారం ఆపరేషను."

"ఒక్క నెల ఆగితే కొంపలు మునుగుతాయా? ఆపరేషన్ చేస్తే వేళ్ళు మామూలైపోతాయి కదే, పిచ్చిదానా! అందరూ ఒక్కసారి చూడనీ."

అత్తగారు కుర్చీలోంచి అందుకుంది. "మగవాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేగా అమ్మాయ్. చీరలడిగాడా, నగలడిగాడా? ఒక్క చెయ్యెత్తమన్నాడు."

రఫ్ఫమ్మ ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే అని ఆ ఇంట్లో లెక్క. తొమ్మిదేళ్ళుగా అదే లెక్క.

గురువారం షాపు ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి నర్సు. "శనివారం వద్దని మీ ఆయన ఫోన్ చేశారమ్మా. మీకు కుదరదన్నారట. కొట్టేసే ముందు మిమ్మల్ని ఒకమాట అడుగుదామని."

ఫోను చెవికి ఆనించుకుని రఫ్ఫమ్మ కిందికి చూసింది. కౌంటరు మీద తన కుడిచెయ్యి ఉంది. ఇది ఎవరి చెయ్యి, అనుకుంది. గోడకి ఆనించడానికి ఆయనదైంది. లెక్కపెట్టడానికి కెప్టెన్‌ది. టీ గ్లాసులు కడగడానికి తొమ్మిది మందిది. నొప్పొచ్చినప్పుడు మాత్రం ఇంకెవరిదీ కాదు, నాదొక్కదానిదే. నొప్పి ఎవరిదో చెయ్యి వాళ్ళదే కదా! ఇంత చిన్న సంగతి తోచడానికి ఇన్నాళ్ళు పట్టిందే నాకు. ఆ ఫోటోలో నోరు తెరిచి ఉన్నాను. ఒక్కడైనా ఆ నోట్లోంచి ఏమొస్తోందో విన్నాడా? శనివారం అక్కడికి వెళ్ళి నిలబడితే మళ్ళీ ఏడు లెక్కపెడతారు. ఆ తర్వాత ఈ వేళ్ళు ఎప్పటికీ వాళ్ళ గుర్తుగానే మిగిలిపోతాయి. ఎక్కడికెళ్ళినా, బస్సులో కడ్డీ పట్టుకున్నా, ముద్ద కలుపుకున్నా, చచ్చి పడుకోబెట్టినా, వాళ్ళకి దణ్ణం పెడుతూనే ఉంటాను.

"కొట్టెయ్యకండి. నేను వస్తున్నాను," అంది.

"పక్కన ఎవరైనా ఉండాలమ్మా."

షాపు యజమానురాలు చేతిలో సుద్ద పట్టుకుని కోటు మీద గుర్తులు పెడుతూ అంతా వింటోంది. తలెత్తకుండానే, "నేనొస్తానని చెప్పు. నువ్వు లేక నా శాలువలు తగలడుతున్నాయి," అంది.

శనివారం పొద్దున్న మొగుడు నీలం కోటు తొడుక్కుని, మెరిసే బూట్లేసుకుని తయారయ్యాడు. రఫ్ఫమ్మ సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకోవడం చూసి, స్టేజీకి మార్చుకోడానికేమో అనుకున్నాడు. చెప్పులేసుకుంటుంటే అప్పుడు అనుమానం వచ్చింది.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి."

"నేను వద్దని చెప్పేశానుగా!"

"నేను వస్తానని చెప్పాను."

మాట రానప్పుడు ఏం చేస్తాడో మీకు తెలుసు కదా, గుమ్మానికి అడ్డంగా నిలబడి వేళ్ళెత్తాడు. "నలుగురిలో నా తల తీసేస్తావా? మూడు ఊళ్ళ వాళ్ళొస్తున్నారు. ఏం చెప్పను వాళ్ళకి?"

"ఇంట్లో ఎవరూ లేరని చెప్పండి. మీకు అలవాటేగా."

"ఆ తెగింపు చూడరా!" అని కుర్చీలోంచి అత్తగారు.

రఫ్ఫమ్మ ఎడమచేత్తో, గుమ్మానికి వేలాడే తెరని తొలగించినట్టు, ఆ ఎత్తిన చేతిని పక్కకి తొలగించి మెట్లు దిగింది. వీధి చివర షాపు యజమానురాలు ఆటో ఆపి ఉంచింది. ఆటో కదిలాక ఆవిడే, "భయంగా ఉందా?" అంది. "ఉంది," అంది రఫ్ఫమ్మ. "ఇంటికెళ్ళాక ఏమవుతుందోనని కాదు. ఆ వేళ్ళు సూది మర్చిపోయుంటాయేమోనని."

ఆపరేషన్ గదికి ముందు ఒక చిన్న గది. ఆకుపచ్చ గౌను తొడిగి, మంచం మీద కూచోబెట్టి, నర్సు కాగితాలు తిరగేసింది.

"ఒకసారి సరిచూసుకుందామమ్మా. వేడి నూనె. కుడి అరచెయ్యి. ‘ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు’ అని ఉంది. అంతేగా?"

"అంతే కాదు," అంది రఫ్ఫమ్మ. "ఆ ముక్క కొట్టేసి రాయండి."

నర్సు పెన్ను పట్టుకుని చూసింది. "ఎవరైనా ఉన్నారా అయితే?"

"పదకొండు మంది."

"పదకొండు మందీ ఏం చేస్తున్నారమ్మా?"

"మా ఆయన నా చెయ్యి దిగకుండా పట్టుకున్నాడు. మిగతావాళ్ళు లేచి నిలబడి ఏడు దాకా లెక్కపెట్టారు. ఒక్క అక్షరం పోకుండా రాయండమ్మా. కింద సంతకం ఎడమచేత్తో పెడతాను, వంకరగా వచ్చినా అది నాదే."