ఐదు కిలోల అబద్ధం

నేను ఒక ఇనుప బిళ్ళను. బరువులెత్తే కడ్డీకి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి ఎక్కిస్తారే, ఆ జాతిదాన్ని. నా ముఖం మీద ఐదు అంకె ఉబ్బెత్తుగా పోతపోసి ఉంది. ఒకప్పుడు ఆ అంకె నిజమే.

చిల్లుపడ్డ పంపులు, విరిగిన కుట్టుమిషను కాళ్ళు, ఇంకా ఏవేవో పాత ఇనుములు కరిగించి ఇసుక అచ్చులో పోస్తే నేను పుట్టాను. గరిటెలో మిగిలిన ఇనుమును పక్క అచ్చులో పోశారు. అది నా జోడీ. ఒంటి బిళ్ళను ఎవరూ కొనరు. ఒకవైపే ఎక్కిస్తే కడ్డీ తిరగబడుతుంది. అందుకని మా ఇద్దరినీ ఒకే గోనెలో వేసి, పలాస దగ్గర ఒక ఊరి వ్యాయామశాలకు పంపారు. దారి పొడుగునా ఒకదానికొకటి తగులుతూ మోగాం. విడిపోవడమనేది ఒకటుంటుందని అప్పటికి నాకు తెలియదు.

వ్యాయామశాల అంటే రేకుల షెడ్డు, మట్టినేల, ఒక కడ్డీ, పదహారు బిళ్ళలు, తవిటయ్య మేస్టారు. మేస్టారు చిన్నప్పుడు జిల్లా స్థాయిలో బరువులెత్తినవాడు. మోకాలు చెడ్డాక పిల్లలకు నేర్పుతున్నాడు. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఊళ్ళో అందరూ భారం దించమని దేవుళ్ళకు మొక్కేవాళ్ళు. మా షెడ్డులో మాత్రం ఇంకాస్త ఎక్కించమని బతిమాలేవాళ్ళు.

అక్కడ రెండు కట్టుబాట్లుండేవి. ఎత్తేవాళ్ళు బిళ్ళలు ముట్టుకోకూడదు. గోడవైపు తిరిగి నిలబడాలి, మేస్టారే ఎక్కించి పిలవాలి. కళ్ళతో బరువు చూసి బెదిరితే చేతులు సగం ముందే వదిలేస్తాయని ఆయన నమ్మకం. రెండోది, ఎవరైనా కొత్త బరువును వరసగా మూడు రోజులు ఎత్తితేనే పెరిగినట్టు. అప్పుడు గోడమీద వాళ్ళ పేరు పక్కన సుద్దతో గీత గీసేవాడు. గీతకీ గీతకీ మధ్య రెండున్నర కిలోలు. ఒక రోజు ఎత్తి మరుసటి రోజు తప్పితే మళ్ళీ మొదటినుంచే.

ఆ గోడమీద అన్నిటికంటే పైన ఉన్న గీత నూకరత్నానిది. పదమూడేళ్ళ పిల్ల. తల్లి కొర్లమ్మ జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొడుతుంది. జీడి అంటి ఆమె వేళ్ళు ఎప్పుడూ బొగ్గులా ఉండేవి. ఆ ఏడు పట్నంలో ఆటల హాస్టలుకు ఎంపిక జరగబోతోంది. అందులో చేరితే చదువు, పాలు, గుడ్లు, తర్వాత ఏదో ఒక ఉద్యోగం. వయసు పద్నాలుగు నిండితే తీసుకోరు. అంటే రత్నానికి అదొక్కటే అవకాశం. తప్పితే తల్లి పక్కన పీట వేసుకుని కూర్చోవాల్సిందే.

నలభై కిలోల గీత చేరిన వారానికే ఆ పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. రెండు నెలల తర్వాత షెడ్డులోకి వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. జడ ఊడిపోయి ఎలక తోకంత మిగిలింది. మేస్టారు కడ్డీకి నన్నూ నా జోడీనీ మాత్రమే ఎక్కించాడు. కడ్డీతో కలిపి పాతిక కిలోలు. దాన్నే రెండోసారికి గానీ ఎత్తలేకపోయింది.

"ఏటి మేస్టారూ, మళ్ళీ సంటిదాన్ని అయిపోనానా?"

"సంటిదానివే. బేగి ఎదుగు."

ఎదిగింది. గీత తర్వాత గీత, ముప్పై ఏడున్నర దాకా. అక్కడ ఆగిపోయింది. నలభై ఛాతీ దాకా వచ్చేది, నెత్తిమీదికి వెళ్ళేది కాదు. ఇరవై రోజులు మేం ధడేలున నేలమీద పడుతూనే ఉన్నాం. ఒకనాడు పడిపోయిన కడ్డీ పక్కనే కూర్చుని చేతులు చూసుకుంది.

"నా వల్ల కాదు. రేపట్నుంచి అమ్మతో కార్ఖానాకి ఎల్తాను."

మరుసటి మధ్యాహ్నం మేస్టారు మా ఇద్దరినీ సైకిలుకు తగిలించుకుని, ఇనుము తొలిచే లేతు మిషను అతని దగ్గరికి తీసుకెళ్ళాడు.

"వెనకవైపు తవ్వీ. అంచు, నడిమి కన్నం సుట్టూ వొదిలీ. ఒక్కోదానికి కిలోంపావు పోవాల."

"బాగున్న బిళ్ళకి ఇదేం రోగం మేస్టారూ?"

"రత్నం గుంట మనసు కుదుటపడ్డానికి. నాలుగు రోజులే. మళ్ళీ మంచి బిళ్ళలు తెస్తాను."

నా వీపులోంచి ఇనుము సన్నటి సుళ్ళుగా రాలింది. నొప్పి అంతగా తెలియలేదు. తేలికైపోవడమే భయంగా అనిపించింది. మేస్టారు నల్లరంగు పూశాడు. ముందు నుంచి చూస్తే ఐదు. లోపల మూడుముప్పావు.

మేస్టారు చెడ్డవాడని అనుకోకండి. బిడ్డకు మందులో తేనె కలిపే చెయ్యి ఎలాంటిదో ఆయన చెయ్యీ అలాంటిదే.

మరునాడు రత్నం గోడవైపు తిరిగి నిలబడింది. "రామ్మా, నలభై" అన్నాడు. ఆమె ఎత్తింది. నెత్తిమీద నిలబెట్టి అరిచిన అరుపుకు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. మూడు రోజులు ఎత్తింది. సుద్ద తీసుకుని గీత గీస్తున్నప్పుడు మేస్టారు గోడనే చూశాడు, పిల్లను చూడలేదు. ఆ ఉత్సాహంతో నిజం నలభై కూడా త్వరలోనే ఎత్తుతుందని ఆయన ఆశ. ఎత్తేదేమో కూడా. కానీ ఎంపిక తేదీ ముందుకు జరిపామని ఆ వారమే కబురొచ్చింది. పిల్లల వెంట బడి వ్యాయామ టీచరు తప్ప ఇంకెవరూ రాకూడదట.

బస్సెక్కే ముందు దండం పెట్టడానికి షెడ్డుకు వచ్చింది. కొర్లమ్మ గుమ్మంలో నిలబడింది.

"ముప్పై ఐదుతో మొదలెట్టమ్మా" అన్నాడు మేస్టారు.

"నలభై రోజూ ఎత్తుతున్నాను కదా! నాకంటే మీకే ఎక్కువ బయంలాగుంది."

"అది కాదే..."

"మరేటి?"

నేను ఊపిరి బిగబట్టాను, ఇనుముకు ఊపిరి ఉంటే. ఒక్క మాట చాలు. నన్ను తిరగేసి చూపిస్తే చాలు. ఆయన నోరు తెరిచాడు. పిల్ల ముఖంలో ఆ వెలుగు చూశాడు. "ఏటీ నేదు. జాగర్తగా ఎల్లిరా" అన్నాడు.

ఎంపిక పోటీలో ఒక నియమం ఉంటుందట. ఎంతతో మొదలుపెడతావో ముందే రాసివ్వాలి. అక్కణ్ణించి పెంచుకోవచ్చు కానీ దించుకోకూడదు. అవకాశాలు మూడే.

నాలుగో రోజు రత్నం ఒక్కతే వచ్చి మట్టినేల మీద కూర్చుంది.

"నలభై రాయించాను. మూడుసార్లూ పడిపోయింది. సున్నా ఏసేశారు." అరచేతులు చాపి, "నా సేతులకే ఏటో అయిపోనాది మేస్టారూ" అంది.

ఆ మాట ఆయన భరించలేకపోయాడు. నన్ను తీసుకొచ్చి ఆమె ఒళ్ళో బోర్లా పెట్టాడు. ఆమె వేళ్ళు నా వీపు గుంటలో చుట్టూ తిరిగాయి, రెండుసార్లు.

"ఎప్పట్నుంచి?"

"నలభై ఎత్తిన రోజునుంచి."

"మరి ముప్పై ఏడున్నర?"

"అది నిజవే. నీ సత్తువే."

రత్నం నన్ను తిరగేసి ఐదు అంకె మీద వేలు పెట్టింది. "ముప్పై ఐదు ఎత్తిన గుంట హాస్టల్‌కి ఎల్లిపోనాది మేస్టారూ" అంది.

అప్పుడు ఏడ్చింది ఆయనే. ఆమె లేచి, "ఇది ఇంకెవలికీ ఎక్కించకండి" అని నన్ను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నా జోడీ కడ్డీ పక్కనే ఉండిపోయింది. పుట్టినప్పటినుంచి మేం విడిగా ఉన్నది లేదు. గుమ్మం దాటాక అది కనిపించలేదు. ఆ తర్వాత ఎన్నడూ కనిపించలేదు.

ఇప్పుడు నేను కొర్లమ్మ పెరట్లో ఉంటాను. నన్ను బోర్లించి, తవ్విన గాడిలో నీళ్ళు పోస్తారు. కోళ్ళు తాగుతాయి. రత్నం వేళ్ళు కూడా నల్లబడ్డాయి. కార్ఖానానుంచి వచ్చి నన్ను కడుగుతుంది, నీళ్ళు మారుస్తుంది. నన్ను ఎత్తేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. బరువు చూసుకుంటుందేమో.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం మేస్టారు వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. పెరటి కంచె పట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"కొత్తగుంటలు నలుగురు వస్తన్నారమ్మా. నువ్వొచ్చి బిళ్ళలు ఎక్కించు. నా సేతుల మీద నాకే నమ్మకం నేదు."

రత్నం కోళ్ళ వైపే చూస్తూ అంది. "నాను ఎక్కిస్తే ఆళ్ళు పెరుగుతారు మేస్టారూ. పెరిగి ఎల్లిపోతారు. నాను గోడమీద గీతలు గీస్తా కూకోవాల?"

ఆయన కంచె వదిలి వెనక్కి తిరిగాడు. చెడ్డ మోకాలితో సందు మలుపు దాకా వెళ్ళడానికి చాలా సమయం పట్టింది. రత్నం అంతసేపూ చూసింది. ఒకసారి పెదవులు కదిలాయి. పిలుస్తుందనుకున్నాను.

లోపల్నుంచి కొర్లమ్మ కేక వేసింది. "ఎవలే వచ్చినారు?"

"ఎవలూ నేదమ్మా" అంది రత్నం. చెంబు వంచి నాలో నీళ్ళు పోసింది. నిండిపోయాక కూడా పోస్తూనే ఉంది.