పదిహేనో రోజు

“పెట్టెలన్నీ చేసిపెట్టాను. ఇక నీకేం పని? అలా ఓ చుట్టు తిరిగి రావడమేగా!”

పదకొండేళ్ల క్రితం భర్త క్లైడ్ అన్న మాట అది. ఈ ఉదయం స్ట్రాబెర్రీ కేకుకి పిండి కలుపుతుంటే వెర్నాకి మళ్లీ గుర్తొచ్చింది. నీలిపిట్టల సంఘం వాళ్లు కాసేపట్లో వస్తారు, ఆ పిట్టల్ని కాపాడుతున్నందుకు క్లైడ్‌కి జ్ఞాపిక ఇవ్వడానికి.

పిట్టలు గూళ్లు కట్టుకునే ఆ పెట్టెలు చేసింది క్లైడే, కాదనడానికి లేదు. ఒక చలికాలమంతా కూర్చుని ఇరవై మూడు చేశాడు, కంచె పొడవునా గుంజలకి బిగించాడు. ఆ తర్వాత సుత్తి గోడకెక్కింది. మార్చి నుంచి ఆగస్టు దాకా వారం వారం తిరిగేది వెర్నా. తడిసిన గూడు తీసి ఎండుగడ్డి పరిచేది, పాములు ఎక్కకుండా గుంజలకి గ్రీజు పూసేది, దౌర్జన్యంగా చొరబడ్డ పిచ్చుకల్ని తరిమేది ఆమే. అత్తగారికి మందులిచ్చి, క్లైడ్‌కి భోజనం పెట్టి, అప్పుడు వెళ్లేది. “మా కోడలికి ఊసుపోక పిట్టల వెంట తిరుగుతుంది” అని అత్తగారు చర్చిలో అందరికీ చెప్పేది. వెర్నా కూడా వాళ్లతో కలిసి నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

పొద్దున్నే చెప్పింది అతనికి. “ఏడో పెట్టె జోలికి మాత్రం వెళ్లకు. పిట్టపిల్లలు గుడ్లలోంచి వచ్చి ఇవాళ పదిహేనో రోజు. పదమూడు దాటాక తలుపు తీస్తే బెదిరి దూకేస్తాయి. ఇంకా ఎగరలేవు.”

“పెట్టె చేసినవాడికే పాఠాలా?” అన్నాడు క్లైడ్.

సంఘం పెద్ద హాలిస్ వచ్చాడు, వెంట ఫోటోలు తీసే అతను. “క్లైడ్ గారూ, మీ ఓపికకి దండం పెట్టాలండీ!” అన్న మాట వంటింట్లోకి వినబడింది. కిటికీలోంచి చూస్తే ముగ్గురూ ఏడో పెట్టె దగ్గరున్నారు. వెర్నా పిండి చేతులతోనే పరుగెత్తింది.

“ఇదిగో, చూడండి!” క్లైడ్ తలుపు లాగాడు. ఐదు పిల్లలూ టపటపా గడ్డిలోకి దూకేశాయి.

“ఎవరూ కదలకండి!” ఆ ఇంటికొచ్చాక వెర్నా గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

మోకాళ్ల మీద పాకుతూ వెతికింది. నాలుగు దొరికాయి. పెట్టెలో పెట్టి, తలుపు మూసి, మళ్లీ దూకకుండా పిట్టలు దూరే కన్నానికి అరచెయ్యి అడ్డం పెట్టింది. లోపలి నుంచి ముక్కులు పొడుస్తున్నాయి. తల్లిపిట్ట కంచె మీద గోల పెడుతోంది. ఐదోది ఎక్కడా కనబడలేదు.

క్లైడ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “నలుగురిలో పరువు తీయకు. వాళ్లు కాఫీ కోసం చూస్తున్నారు, లోపలికి నడు.”

వస్తున్నా అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. వెర్నా దాన్ని మింగేసింది.

“కాఫీ డబ్బా పై అరలో ఉంది, క్లైడ్. చక్కెర దాని పక్కనే. ఇవి సద్దుమణిగి ఐదోది దొరికేదాకా నేను ఇంట్లోకి రాను.”