ఆర్లో తూటాలు

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు దిద్దుకునేసరికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. చెయ్యి ఇంకా తిరగలేదు, నెమ్మదిగా సాగుతుంది. మీరూ నెమ్మదిగానే చదవండి. ఇది నా కథే. కానీ 'నేను' అని మొదలుపెడితే కలం ముందుకు కదలడం లేదు. అందుకని 'ఆమె' అని రాస్తున్నాను. ఆమె పేరు వెల్డా.

మగవాళ్ళు కాల్చడం ఆపగానే వెల్డా పని మొదలయ్యేది.

కొండమీది క్యాబిన్ వెనక, మట్టిగట్టుకి ఎదురుగా ఒక పొడవాటి బల్ల ఉండేది. ఆమె భర్త ఆర్లో, అతని తమ్ముడు మెర్ల్, వాళ్ళ క్లబ్బు స్నేహితులు వేసవిలో ప్రతి శనివారం అక్కడ వరసగా కూర్చుని రైఫిళ్ళు పేల్చేవాళ్ళు. ఆగమని కేక వినపడగానే ఆమె పాత కాఫీ డబ్బా పట్టుకుని వంగేది. గడ్డిలోనూ బల్ల కిందా మగవాళ్ళ బూట్ల మధ్యా పడిన ఖాళీ ఇత్తడి తొడుగులు ఏరేది. కొన్ని ఇంకా వేడిగా ఉండి వేళ్ళు చురుక్కుమనేవి. తర్వాత వంద గజాలు నడిచి గట్టు దగ్గరికెళ్ళి గురికాగితాలు మార్చేది. బాగున్నవాటి చిల్లులకు జిగురు రాసిన ముక్కలు అంటించేది. తిరిగొచ్చేసరికి ఎవరో ఒకరు కాఫీ అడిగేవారు.

"మా వెల్డా వేటకుక్క కన్నా చురుకు," అనేవాడు ఆర్లో. అందరూ నవ్వేవాళ్ళు. అది మెచ్చుకోలే అనుకుని ఆమె కూడా నవ్వేది.

ఆ తొడుగుల్లో మళ్ళీ మందు నింపి తూటాలు చెయ్యడం చలికాలపు పని. పెళ్ళయిన మొదటి ఏడు ఆర్లోనే చేశాడు. రెండో ఏడు బొటనవేలు నొప్పన్నాడు. "ఆడవాళ్ళ చేతికి ఓపికెక్కువ. పిండి కొలిచినట్టేలే, చూడు," అన్నాడు. ఆ బొటనవేలి నొప్పి అతను పోయేదాకా తగ్గలేదు.

వంటగది బల్లకి లీవరున్న యంత్రం ఒకటి బిగించి ఉండేది. రొట్టె పిండి పిసకాలంటే దాని పక్కనే చోటు చేసుకోవాలి. తొడుగులు కడగాలి, ఆరబెట్టాలి, వాటి మూతులు సరిచెయ్యాలి, అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీ కూర్చాలి, చిన్న త్రాసులో మందు తూచి పొయ్యాలి, పైన గుండు పెట్టి లీవరు లాగాలి. మందు రవ్వంత ఎక్కువైతే తుపాకీ పగిలి మనిషి మొహం పోతుంది. తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. ఏ మందు ఎంతో అచ్చుపుస్తకంలో ఉంటుంది, ఆమెకేమో చదువు రాదు. చెట్లు కొట్టే శిబిరాల వెంట తిరిగిన కుటుంబంలో ఏడుగురు పిల్లల్లో పెద్దది. బడికెళ్ళిన రోజుల కన్నా చంకలో చంటిపిల్లని మోసిన రోజులే ఎక్కువ. "నీకు చదువెందుకే, చదివి పెట్టడానికి నేను లేనూ?" అన్నాడు ఆర్లో పెళ్ళయిన కొత్తలో. రేడియో పాడైన రోజుల్లో వాతావరణం తప్ప, అతను ఆమెకి చదివి పెట్టింది ఏమీ లేదు. మందు లెక్క కూడా ఒక్కసారే చదివి చెప్పాడు. రెండోసారి అడిగితే, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, ముద్దపప్పా," అన్నాడు. అందుకని ఆమె త్రాసు మీద ఎర్రటి గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టుకుంది. కిరాణా కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన నోటుబుక్కులో తనకి తెలిసిన గుర్తులు వేసుకోవడం మొదలుపెట్టింది. రైఫిలుకి పొద్దుతిరుగుడు పువ్వు. రివాల్వరుకి నెలవంక. మందుకి గీత, తగ్గిస్తే గీత కింద చుక్క.

గురికాగితాలు మార్చేది ఆమె ఒక్కతే కాబట్టి చిల్లులన్నీ దగ్గరగా చూసింది కూడా ఆమె ఒక్కతే. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు దుర్భిణిలో చూసి "అబ్బ!" అనో "ఛ!" అనో అనుకునేవాళ్ళు. ఆమె వేలు పెట్టి చూసేది. ఏ డబ్బాలోని తూటాలు చెల్లాచెదురుగా పడ్డాయో, ఏవి దగ్గరగా చేరాయో, చలి ముదిరినప్పుడు ఎంత కిందకి దిగాయో అన్నీ చూసేది. ఏరిన తొడుగుల అడుగుల్లో టోపీలు ఎంత నొక్కుకుపోయాయో చూసేది. చలికాలం వచ్చాక ఆ చూసిందంతా త్రాసు ముందు గుర్తు చేసుకుని, మందు ఒక ఇసుకరేణువంత తగ్గించేది. మళ్ళీ వేసవిలో కాగితం చూసేది. ఇలా ఆరేళ్ళు గడిచాక ఒక శనివారం అయిదు తూటాలూ ఒక్క చొక్కా గుండీ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె మట్టిగట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. "అక్కడే కాపురం పెడతావా ఏంటే?" అని కేకేశాడు ఆర్లో.

అప్పటి నుంచి వాటికి 'ఆర్లో తూటాలు' అని పేరొచ్చింది. సెప్టెంబరు పోటీలో అతను తొమ్మిదిసార్లు గెలిచాడు. ఒకసారి భోజనాల దగ్గర మెర్ల్ భార్య ఫర్న్, "అవన్నీ అక్క చేసేవే కదా బావగారూ?" అంది. ఆర్లో ఫోర్కు కింద పెట్టలేదు. "లీవరు లాగడం కోతికి నేర్పినా లాగుతుంది. విద్యంతా లెక్కలో ఉంది," అన్నాడు. బంగాళాదుంపల గిన్నె ఇటు జరపమన్నాడు. వెల్డా జరిపింది.

తుపాకులూ తూటాలూ గోడకి బిగించిన ఇనుప అలమరలో ఉండేవి. తాళం చెవి ఆర్లో జేబులో ఉండేది. ఒక ఆగస్టు మధ్యాహ్నం అతను వాగుకి చేపలకి వెళ్ళాడు. ఆమె లోపల అడవిపళ్ళ జామ్ ఉడకబెడుతోంది. ఆ తీపి వాసనకి ఎలుగుబంటి వచ్చింది. వసారాలోని పళ్ళ బకెట్టు తిరగదోసి, వలతలుపులోంచి పంజా లోపలికి పెట్టింది. ఆమె అలమర పిడి పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. లోపల ఉన్న ప్రతి తూటా తను చేసిందే. ఒక్కటి కూడా చేతికి రాదు. చివరికి గరిటెతో మూకుడు బాదుతూ నిలబడింది. బకెట్టు ఖాళీ అయ్యాక దాని దారిన అది పోయింది. అతను నాలుగు చేపలతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ కథ చెప్పేవాడు: "మా ఆవిడ గరిటెతో ఎలుగుబంటికి సంగీతం నేర్పిందిరోయ్!" ఆ కథలో భయంతో తడిసిన ఆమె గౌను లేదు. ఆ రోజే ఆమె అడిగింది, "నాకూ ఒక తాళం చెవి చేయించు." అతను ఆమె భుజం తట్టాడు. "నిన్ను నువ్వే కాల్చుకుంటావు. నీ రక్షణకి నేను లేనూ?" అన్నాడు. ఆ పూట అతను లేడన్న సంగతి అతనికి తట్టలేదు. ఆమెకి తట్టినా అనలేదు. జామ్ అడుగంటింది, దాన్ని గీకే పనిలో పడింది.

ఆర్లో ఒక మార్చి నెలలో ఆసుపత్రిలో గుండె ఆగి పోయాడు. జేబులోని తాళం చెవి మెర్ల్ జేబులోకి వెళ్ళింది. ఆ ఏటి చలికాలం నుంచే వెల్డా ఊళ్ళో గ్రంథాలయానికి వెళ్ళి, బడి నుంచి రిటైరైన టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకుంది. ఆమెకి ఒకటే కోరిక. మే నుంచి అక్టోబరు దాకా క్యాబిన్‌లో ఉండాలి, తన పొయ్యి దగ్గర తను కూర్చోవాలి. క్యాబిన్ సగం ఆమెదే. అయినా మెర్ల్ ప్రతిసారీ ఒకటే మాట: "రోడ్డుకి పదకొండు మైళ్ళు వదినా. ఎలుగులు, కొండసింహాలు, తాగుబోతు వేటగాళ్ళు. తుపాకీ లేకుండా అక్కడ ఉండకూడదు. కాల్చడం రానివాళ్ళ చేతికి తుపాకీ ఇవ్వకూడదు." ఈ రెండు మాటల మధ్య ఆమె రెండేళ్ళు ఇరుక్కుపోయింది.

పోయిన సెప్టెంబరులో వెల్డా, మెర్ల్, ఫర్న్ ముగ్గురూ కలిసి క్యాబిన్‌కి వెళ్ళారు. వెల్డా రొట్టెల పిండి కలుపుతుంటే మెర్ల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ టోపీ తీశాడంటే పెద్ద మాటేదో చెప్పబోతున్నాడని అర్థం.

"వదినా, ఇది మూసేద్దాం. నువ్వు మా ఇంటికి వచ్చెయ్. వెనకగది ఖాళీగానే ఉంది. ఫర్న్ మోకాళ్ళు పోయాయి, వంటా బట్టలూ చూసుకోలేకపోతోంది. నీకూ కాలక్షేపం."

"కాలక్షేపమా," అంది ఫర్న్, పొయ్యి దగ్గర కుర్చీలోంచి.

"నువ్వుండవే. ఇంకోటి వదినా. అన్న లెక్కల పుస్తకం ఎక్కడో ఉండాలి. తూటాలు ఒక్క డబ్బానే మిగిలింది. వచ్చే వారం అన్న పేరు మీద పోటీ. అన్న తూటాలు లేకుండా అన్న పోటీ ఏంటి?"

"డ్రాయర్లో ఉంది. పిండి డబ్బా కింద," అంది వెల్డా.

మెర్ల్ నోటుబుక్కు తీశాడు. నాలుగు పేజీలు తిప్పాడు. అతని మొహం వెలిగిపోయింది. "ఓరి నాయనో! ఫర్న్, ఇటు చూడు! అన్న ఎంత జిత్తులమారో! ఎవరూ కాజెయ్యకుండా గుప్తలిపిలో రాసుకున్నాడే! మా క్లబ్బులో సైన్యంలో పనిచేసినోడు ఉన్నాడులే, వాడికిస్తే ఇట్టే విప్పేస్తాడు."

వెల్డా చేతులు పిండిలోనే ఆగాయి. ఊరుకోవచ్చు, అనుకుంది. ఊరుకోవడం తనకి తెలిసిన పని, యాభై ఏళ్ళ అలవాటు. క్లబ్బు గోడ మీద ఆర్లో ఫోటో ఉంది, చచ్చినవాడి చేతిలోంచి లాక్కోవడం ఎందుకు? కానీ తన కడుపులోంచి వచ్చిన గుర్తుల మీద మెర్ల్ వేలు పెట్టి అన్న తెలివికి మురిసిపోతుంటే, ఎవరో తన ఉత్తరాలు తెరిచి పక్కింటావిడ ఉత్తరాలనుకుని చదువుతున్నట్టు అనిపించింది. అందులో మందు ఒక్కటే లేదు. ఆమెకి ఇంకో పుస్తకం ఎప్పుడూ లేదు. చెప్పుకోలేని రోజులు కూడా ఆ గీతల మధ్యే వేసుకుంది. వాటిని ఎవరో సైనికుడు విప్పి, ఆర్లో లెక్కలనుకుని చదువుతాడు. చదివి తప్పుగా విప్పుతాడు. తప్పుగా విప్పిన లెక్కతో ఎవరి మొహం ముందు తుపాకీ పగులుతుందో!

"తలకిందులుగా పట్టుకున్నావు మెర్ల్," అంది.

మెర్ల్ నోటుబుక్కు తిప్పాడు. ఆమె వంక చూశాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది. పువ్వు రైఫిలు, నెలవంక రివాల్వరు, ఈ గీత మందు, ఈ చుక్క తగ్గించినట్టు, ఈ గుండీ బొమ్మ వేసింది అయిదూ ఒకచోట పడ్డ శనివారం అని వేలు పెట్టి వరసగా చదివింది. అచ్చుపుస్తకం చదివేటప్పుడు తడబడే గొంతు అప్పుడు తడబడలేదు.

"ఈ నల్లగడి ఏంటి? ఇంకో రకం మందా?" మెర్ల్ గొంతు తగ్గింది.

"కాదు. ఆ రోజు నా కడుపు పోయింది. అయిదో నెల."

ఆమె వేలు కిందికి జరిగింది.

"దీని కింద ఇరవై గీతలు. గీతకి పది తూటాలు. మూడో రోజు నుంచి కూర్చుని చేశాను. 'పడుకుని ఏడ్చేకన్నా చేతికి పనుంటే మంచిది' అన్నాడు మీ అన్న. ఆ ఏడే మొదటిసారి బహుమతి వచ్చింది. పొగబెట్టిన పందితొడ. ఆదివారం పద్నాలుగు మందికి వండాను. నువ్వు రెండోసారి పెట్టించుకున్నావు."

"జ్వరమని చెప్పారు బావగారు," అంది ఫర్న్ మెల్లగా. "అక్క మొహం చూసి కూడా నేను జ్వరమనే అనుకున్నాను."

మెర్ల్ కుర్చీలో కూర్చున్నాడు. "అన్నకి... ఇందులో ఇదంతా ఉందని తెలుసా?"

"ఇది ఎప్పుడూ ఆయన చేతికందే డ్రాయర్లోనే ఉంది. ఆయనకి చదువొచ్చు. తెరవలేదు."

ఫర్న్ మోకాళ్ళు పట్టుకుని లేచింది. మొగుడి ముందుకొచ్చి చెయ్యి చాపింది. "అలమర తాళం ఇటివ్వు."

"ఆవిడకి కాల్చడం రాదే..."

"నేర్చుకుంటుంది. నువ్వు పుట్టగానే నేర్చావా? మీ నాన్న కోళ్ళగూడు కప్పు ఎగరగొట్టింది ఎవరో చెప్పమంటావా?"

"అది పాత సంగతి. మరి ఇంట్లో నీకు సాయం?"

"నీకు రెండు చేతులున్నాయి కదయ్యా."

మెర్ల్ జేబులోంచి తాళం చెవి తీసి, భార్య చేతిలో కాదు, వెల్డా ముందు బల్ల మీద పెట్టాడు. అతను చెడ్డవాడు కాడు. నోటుబుక్కు మీద అరచెయ్యి పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"వదినా, తప్పు మాదే. ఇప్పుడు నీకు అక్షరాలొచ్చాయి కదా. ఈ లెక్కలన్నీ నాకర్థమయ్యేట్టు శుభ్రంగా రాసివ్వు. క్లబ్బులో నీ పేరే పెట్టిస్తాను. 'వెల్డా తూటాలు'. గోడ మీద అన్న ఫోటో పక్కనే నీ ఫోటో."

ఆ మాట వినాలని ఒకప్పుడు ఆమె ఎంత ఆశపడిందో! గోడ మీది ఆ ఫోటోని ఆమె ఊహించుకుంది కూడా. గురికాగితం చేత్తో పట్టుకుని, నవ్వుతూ. ఆ నవ్వు వెనక మళ్ళీ వంటగది బల్ల, మళ్ళీ లీవరు, మళ్ళీ ఎవరికో రెండు వందలు.

"రాయను మెర్ల్," అంది. "ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఇంక ఎన్ని పూటలున్నాయో తెలియదు. ముందు నావి రాసుకోవాలి."

వెల్డా హౌగెన్. డెబ్బై ఒక్క ఏళ్ళు. మోంటానాలో, రోడ్డుకి పదకొండు మైళ్ళ దూరంలో, కొండమీది క్యాబిన్‌లో ఉంటున్నాను.