ఒకరు లేచిన చోటు

మా ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా ఒకే మంచం, ఒకే పరుపు, ఒకే తలగడ. చోటు కోసం నేనూ మా ఆయనా ఒక్కనాడూ గొడవపడలేదు. వింటే ఎంత అన్యోన్యమైన కాపురమో అనిపిస్తుంది. ఇద్దరం ఒకేసారి పడుకుంటే కదా గొడవపడటానికి!

ఆయనది కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ. చేపల పెట్టెలూ బఠాణీ సంచులూ గడ్డకట్టి ఉండే గదుల్లో చలి తగ్గకుండా చూడటమే ఆయన పని. సాయంత్రం ఏడింటికి వెళ్ళి తెల్లవారుజామున ఐదున్నరకి వచ్చేవారు. నేను లోపల గడియ పెట్టుకుని పడుకునేదాన్ని కాబట్టి ఆయన తలుపు తట్టాకే లేచేదాన్ని. గడియ తీసి నేను వంటింట్లోకి, ఆయన పడగ్గదిలోకి. మధ్యాహ్నం మూడింటికి ఆయన లేచేసరికి నేను టైలరింగ్ షాపులో కత్తెరతో కుస్తీ పడుతూ ఉండేదాన్ని. "మరి మీకు అమ్మాయి ఎలా పుట్టిందే?" అని మా షాపులో గుండీలు కుట్టే ఆవిడ వేళాకోళం చేసేది. వారానికో సెలవు ఉంటుంది తల్లీ అని చెప్పి అక్కడితో ఆ మాట తుంచేసేదాన్ని. ఆ సెలవు రాత్రి కూడా ఆయనకి కునుకు పట్టేది కాదు. హాల్లో టీవీ ముందు కూర్చుని, తెల్లారి నేను లేచాక వచ్చి పడుకునేవారు.

అలా వంతులవారీగా ఇద్దరం పడుకుని పడుకుని ఆ పరుపు మధ్యలో మనిషంత గుంట చేశాం. అది నాదో ఆయనదో ఎవరూ తేల్చలేరు.

రెండు నెలల కిందట ఆయన రిటైరయ్యారు. తిప్పలు అక్కణ్ణించి మొదలయ్యాయి. రాత్రి ఇద్దరం పడుకుంటే ఇద్దరమూ గుంటలోకి జారేవాళ్ళం. అలా కాదని మధ్యలో పొడుగాటి దిండు ఒకటి అడ్డం పెట్టాను. ఆ అంచున ఆయన, ఈ అంచున నేను. ఆయన అటు దొర్లేవారు, ఇటు దొర్లేవారు, లేచి మంచినీళ్ళు తాగి వచ్చేవారు. ఆయన దొర్లితే నాకు మెలకువ వచ్చేది. దొర్లకపోతే, ఎప్పుడు దొర్లుతారో అని నేనే మేలుకుని చూసేదాన్ని. చివరికి ఒకరోజు షాపులో ఒక పెద్దమనిషి కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించి కూర్చున్నాను. పాతికేళ్ళలో అలాంటి పని ఎన్నడూ చేయలేదు. ఆ గుడ్డ ముక్కలు చూసి నిజంగా ఏడుపొచ్చింది.

మా అమ్మాయి పెళ్ళయి రెండు వీధుల అవతల ఉంటోంది. "నా గది ఖాళీగానే ఉంది కదమ్మా. రెండు సింగిల్ పరుపులు కొనుక్కుని చెరో గదిలో హాయిగా పడుకోండి" అంది. మాట సబబుగానే తోచింది. టేపు తీసుకుని రెండు గదులూ కొలిచి, ఒక చీటీ మీద "మూడు బై ఆరు, రెండు" అని రాసి సంచిలో పెట్టుకున్నాను. ఆయనకి మాత్రం పరుపు మారుద్దామని చెప్పానంతే.

ఆదివారం పొద్దున్న ఆయన పెళ్ళికి వెళ్తున్నట్టు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కనిపించారు. "ఈసారి పెద్దది తీసుకుందాం. మంచం నిండా రావాలి. నీ వైపు నువ్వు, నా వైపు నేను" అన్నారు, ఈల వేస్తూ. ఇన్నేళ్ళకి రాత్రిపూట ఇంటిపట్టున పడుకునే యోగం వచ్చిన మనిషిని పక్కగదికి తోలేస్తున్నానే అని లోపల పీకుతూనే ఉంది. ఇంకోపక్క ఆ రెండు ఎడమ చేతులు కళ్ళముందు ఆడుతున్నాయి. దుకాణంలో నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాను.

పరుపుల దుకాణం పొడుగాటి హాలు. గోడల వెంట పరుపులు ప్లాస్టిక్ కవర్లలో నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో పడుకుని చూడటానికి ఎనిమిది మంచాలు వేశారు. ఏసీ ఎంత పెట్టారంటే మా ఆయన వెళ్ళగానే చేతులు చంకల్లో పెట్టుకున్నారు. దుకాణం పెద్దాయన తెల్లటి మీసాల మనిషి. వచ్చినవాళ్ళందరితో చుట్టరికం కలిపే రకం. ఎదురొచ్చి "రా చెల్లెమ్మా, రండి బావగారూ" అని నాకు అప్పటికప్పుడు అన్నయ్య అయిపోయాడు.

"వెల్లకిలా పడుకుంటారా, పక్కకి తిరిగి పడుకుంటారా?" అని అడిగాడు.

"నేను పక్కకి తిరిగి" అన్నాను.

"ఆయన?"

ఆ ప్రశ్నకి నాకు జవాబు తెలియదు. మా ఆయన వైపు చూశాను. ఆయన "నిద్రలో ఉంటాను కదండీ, నాకేం తెలుస్తుంది" అన్నారు.

పెద్దాయన నవ్వి, మొదటి మంచం చూపించాడు. "ఇది కొబ్బరి పీచుది. గట్టిగా ఉంటుంది. ఇద్దరూ పడుకుని చూడండి."

నలుగురూ తిరిగే చోట మొగుడి పక్కన పడుకోవడానికి నాకు మహా మొహమాటం. అందుకని ముందు నేను ఒక్కదాన్నే ఎక్కి, సరిగ్గా మధ్యలో పడుకున్నాను. నడుం కింద చెయ్యి పెట్టి చూడమన్నాడు. చెయ్యి సులువుగా దూరిపోయింది. "అంత సందు ఉంటే నడుం గాల్లో ఉన్నట్టు. మీకిది గట్టి" అన్నాడు. అయిదు నిమిషాలు ఉండి దిగాను. మా ఆయన చెప్పులు విప్పి ఎక్కి, నేను లేచిన చోటే పడుకున్నారు. "బ్యాంకులో క్యూ కట్టినట్టు ఒకరి తర్వాత ఒకరేంటి బావగారూ?" అని పెద్దాయన ఇంకా అంటూనే ఉన్నాడు, ఆయన గురక మొదలైంది.

లేపి రెండో మంచానికి తీసుకెళ్ళాం. అది స్ప్రింగులది. నేను పడుకున్నాను, పక్కకి తిరిగితే భుజానికి ఒత్తుకుంది. దిగాను. ఆయన ఎక్కారు. మళ్ళీ గురక. మూడోది రబ్బరుది, అదీ అంతే. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో నన్ను నిద్రపోనివ్వకుండా రాత్రంతా దొర్లే మనిషి, పట్టపగలు, పరాయి దుకాణంలో, ఏది చూపిస్తే దాని మీద కుంభకర్ణుడిలా పడి నిద్రపోతున్నారు.

ఆ కోపంలోనే సంచిలోంచి చీటీ తీసి పెద్దాయన చేతికిచ్చాను. ఆయన మీసాల కిందే చదువుకుని ఊరుకుంటే బాగుండేది. "మూడు బై ఆరు, రెండు. అంటే రెండు సింగిళ్ళా?" అని పైకే అన్నాడు.

మా ఆయనకి అప్పటికే మెలకువ వచ్చింది. లేచి కూర్చుని నా వైపు చూశారు. కోప్పడితే బాగుండేది. చెప్పులు వెతుక్కుంటూ "సరే. నీకు పని ఉంది, నిద్ర ముఖ్యం. అమ్మాయి గదిలో నేను పడుకుంటాలే" అన్నారు. గుండె కలుక్కుమంది.

పెద్దాయన గొంతు సవరించుకుని "సింగిల్ అయితే ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. బావగారూ, మీరు దీని మీద పడుకోండి" అని నాలుగో మంచం చూపించాడు. ఆయన పడుకున్నారు. పది నిమిషాలు గడిచాయి. కళ్ళు తెరుచుకుని పైన ఫ్యాను రెక్కలు చూస్తూ ఉన్నారు. అయిదో మంచం మీదా అంతే. ఇందాక గురక పెట్టిన కొబ్బరి పీచు పరుపు మీదే మళ్ళీ పడుకోబెట్టాం. అటు దొర్లారు, ఇటు దొర్లారు, లేచి కూర్చున్నారు.

"ముప్పై ఏళ్ళుగా పరుపులు అమ్ముతున్నాను, ఇలాంటి మనిషిని చూడలేదు" అన్నాడు పెద్దాయన. తర్వాత మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆ పరుపు వైపే చూసి, "చెల్లెమ్మా, ఇందాకటిలాగే ముందు మీరు పడుకోండి" అన్నాడు.

పడుకున్నాను. దిగాను. ఆయన ఎక్కి నేను లేచిన చోట ఒదిగి పడుకున్నారు. పెద్దాయన చేతి గడియారం చూస్తున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, గురక.

నేను వంగి, ఆయన వీపు పక్కన పరుపు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. నా ఒంటి వేడే అది. అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు.

భుజం తట్టి లేపాను. "ఏమండీ, డ్యూటీ నుంచి వచ్చి పడుకునేటప్పుడు ఎలా ఉండేది మీకు?" అని అడిగాను.

ఆయన కళ్ళు నులుముకుని, దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు. "రాత్రంతా ఆ ఐసు గదుల్లో తిరిగేవాణ్ణి కదా. ఎముకల్లో చలి ఉండిపోయేది. దుప్పట్లు ఎన్ని కప్పుకున్నా అది పైపైనే. నువ్వు లేచిన చోట పడుకుంటే కింది నుంచి వెచ్చగా వచ్చేది. అంతే, ఒళ్ళు తెలిసేది కాదు."

"మరి ఈ రెండు నెలలూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నువ్వు లే, నేను పడుకుంటానని చెప్పనా?"

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఇరవై ఆరేళ్ళు ఒక మనిషికి పక్క వెచ్చబెట్టి ఇచ్చానన్న సంగతి నాకే తెలియదు. అయినా ఊరుకుంటానా? "బాగానే ఉంది మీ భోగం. మీరు మూడింటికి లేచేవారు, నేను పదింటికి పడుకునేదాన్ని. నాకు మాత్రం అన్నేళ్ళూ చల్లటి పరుపే" అన్నాను. వేళాకోళానికే అన్నాను. ఆయన మాత్రం నా ముఖం వైపే చూస్తూ ఉండిపోయారు.

పెద్దాయన దగ్గర చీటీ తీసుకుని, వెనక వైపు "ఆరు బై ఆరున్నర, ఒకటి" అని రాసి ఇచ్చాను.

"ఒకటి ఉంది కానీ చూపించడానికి భయంగా ఉంది చెల్లెమ్మా" అన్నాడు. చివరి మంచం మీద ఒక ఫోమ్ పరుపు. చెయ్యి పెడితే అచ్చు దిగి, నెమ్మదిగా పైకి లేస్తోంది. "ఒంటికి తగ్గట్టు దిగుతుంది. ఒకరు దొర్లితే రెండోవాళ్ళకి తెలియదు. కానీ ఉన్నమాట చెప్పాలి, ఇది ఒంటి వేడి పట్టుకుంటుంది, ఒక పట్టాన వదలదు. వేడి చేస్తోందని జనం తిట్టి వెనక్కి పంపేస్తుంటారు."

పక్కకి తిరిగి పడుకుని చూశాను. భుజం మెత్తగా దిగింది, నడుం కింద చెయ్యి కాస్త కష్టం మీద దూరింది. నా కొలతకీ సరిపోయింది.

"ఇదే ఇవ్వండి" అన్నాను.

"వేడి కోసం దీన్ని అడిగింది మీరొక్కరే" అని పెద్దాయన బిల్లు పుస్తకం తీశాడు.

పరుపు వచ్చాక ఒక పద్ధతి పెట్టుకున్నాం. గోడవైపు ఆయనది, కిటికీవైపు నాది. రాత్రి ముందు నేను వెళ్ళి గోడవైపు పావుగంట పడుకుంటాను. తర్వాత కిటికీవైపు జరుగుతాను. ఆయన వచ్చి ఆ వెచ్చని చోట పడుకుంటారు. అడ్డం పెట్టిన దిండు అటకెక్కింది. ఆయనకి నిద్రపడితే నాకూ పడుతుంది. నా వైపు మొదట్లో కాస్త చల్లగానే ఉంటుంది, కానీ అలవాటైన చలే కదా. ఆయన వెల్లకిలా పడుకుంటారని, నోరు కొద్దిగా తెరిచి ఉంటారని ఈ వయసులో తెలుసుకున్నాను. కోటు పెద్దమనిషికి కుడి చెయ్యి కూడా సవ్యంగా కుట్టి ఇచ్చాను. మా అమ్మాయి వచ్చి చూసి "ఏంటమ్మా, చీటీలో రాసింది ఒకటి, కొన్నది ఒకటి" అంది. కొలత తప్పానులే అన్నాను.

మొన్న బడి యూనిఫాంల ఆర్డరు ఉండి షాపులో ఆలస్యమైంది. దారిలో వాన పట్టుకుంది. ఇల్లు చేరేసరికి నిలువునా తడిసిపోయాను. తల తుడుచుకుని, రెండు మెతుకులు తిని పడగ్గదిలోకి వెళితే, ఈయన అప్పటికే పడుకుని ఉన్నారు. అదీ కిటికీవైపు, నా చోట. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కాపలా కాస్తున్నట్టు కదలకుండా ఉన్నారు.

"అది మీ చోటు కాదు కదా" అన్నాను. నా పాదాలు ఐసు ముక్కల్లా ఉన్నాయి, కాస్త విసుగ్గానే అన్నాను.

"తెలుసు. ముప్పావుగంట నుంచి ఇక్కడే ఉన్నాను" అన్నారు. దుప్పటి ఎత్తి పట్టుకుని, తాను గోడవైపు జరిగారు. ఆ గోడవైపు ఎంత చల్లగా ఉంటుందో రోజూ ముందు పడుకునేదాన్ని, నాకు తెలుసు. "రా, చల్లారిపోతుంది" అన్నారు.

ఆయన జరిగిన చోట పడుకున్నాను. వీపు కింది నుంచి వెచ్చగా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన చెప్పలేకపోయింది ఇదా అనుకున్నాను. అంతవరకే గుర్తుంది. నాకు నిద్రపట్టడానికి రెండు నిమిషాలే పట్టిందని మర్నాడు పొద్దున్న ఆయనే చెప్పారు. చలిలో మేలుకుని గడియారం చూశారట.