రెండో జడ

"మాతృకణం రెండు పిల్లకణాలుగా విడిపోతుంది," అని చదువుతూనే ఆమె కూతురి పళ్ళు తోముతోంది. పుస్తకం తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, కుళాయి గొట్టానికి ఆనించింది. కూతురు నురగ ఉమ్మేసి తలెత్తింది.

"మరి అమ్మ ఎటు పోయింది?"

"అమ్మ ఉండదు. రెండు పిల్లలే ఉంటాయి."

"వాటికి బువ్వెవరు పెడతారు?"

"అవే తింటాయి. నోరు పుక్కిలించు."

పరీక్ష మధ్యాహ్నం. అంతకుముందు ఆసుపత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టు ఉంది. నిద్ర లేచినప్పటి నుంచీ ఆమెకు భయంగానీ ఆత్రంగానీ ఏమీ లేవు. ఒంట్లో ఏదో భాగానికి మత్తుమందు ఇచ్చి, మత్తు దించడం మరిచిపోయినట్టు ఉంటోంది కొంతకాలంగా. ఎవరైనా మొగుడి సంగతి అడిగితే 'పోయాడు' అనదు, చచ్చిపోయాడనుకుంటారు. 'వెళ్ళిపోయాడు' అనదు, ఎప్పుడొస్తాడని అడుగుతారు. 'లేడు' అంటుంది. ఆ మాటకు మారు ప్రశ్న ఉండదు.

పక్క గది తలుపు అప్పటికే తీసి ఉంది. అందులో ఉండే పిన్ని వరసకు ఏమీ కాదు. ఒకప్పుడు సినిమా హాల్లో టికెట్లిచ్చేది. ఆ చిన్న కిటికీలోంచి ఊరందరి చేతులూ చూశాను గానీ మొహాలు చూడలేదంటుంది. గూడలు ముందుకు వంగిపోయిన మనిషి. ఎదుటివాళ్ళు చెవిటివాళ్ళన్నట్టు గట్టిగా మాట్లాడుతుంది.

"ఏం పిచుకా, ఇవాళేం సినిమా?"

పిల్ల రెండు చేతులూ చాచింది. పిన్ని ఎత్తుకోలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

"ఏమైంది పిన్నీ?"

"రాత్రి కునుకు లేదే. గ్యాసు. మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే అదే పోతుంది."

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాలే. నువ్వు పదవే తల్లీ, బస్సు నీకోసం ఆగుతుందా? ఈసారి గాని తప్పావంటే మళ్ళీ ఏడాదంతా నీ కణాల గోల నేను వినలేను."

ఆమె నవ్వి పరుగెత్తింది.

లాండ్రీలో గోడలకు ఎప్పుడూ చెమట పట్టి ఉంటుంది. వేడి రోలర్ల మధ్యనుంచి దుప్పట్లు అప్పడాల్లా బిగుసుకుని బయటికొస్తాయి. అటు ఒకరు, ఇటు ఒకరు అంచులు అందుకుని, ఒకరికొకరు ఎదురు నడిచి మడత వేయాలి. అటువైపు పనిచేసే అక్క రాని రోజున ఆమె చివర మేకుకు తగిలించి ఒంటరిగానే మడతేస్తుంది. కొత్తలో వేళ్ళు బొబ్బలెక్కేవి. ఇప్పుడు చర్మం మొద్దుబారి, వేడి తెలియడమే మానేసింది. పెదవులు మాత్రం కదులుతూనే ఉంటాయి. దశలూ వాటి పేర్లూ, మళ్ళీ మొదటినుంచి దశలూ.

"మాతోటి మాట్లాడవు గానీ దుప్పట్లకు పాఠాలు చెబుతావేంటే?" అంది ఎదుటి అక్క.

"అవైతే ఎదురు ప్రశ్నలెయ్యవక్కా."

కాలేజీలో పరీక్ష హాలు గుమ్మం దగ్గర కొత్త మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తల్లిదండ్రులు గేటు బయట ఉండాలమ్మా."

"రాసేది నేనే సార్."

వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకమ్మాయి లేచి, "మా క్లాసు అక్క సార్," అంది. మాస్టారు తడబడి పక్కకు జరిగాడు. ఆమెకు సిగ్గేయలేదు. కూర్చుని, పెన్ను విదిలించి, వచ్చినదంతా రాసింది. చదివినవాటిలో సగమే అడిగారు. రాసినది బాగుందో లేదో తేల్చుకునే ఓపిక లేక కాగితాలిచ్చేసి బయటపడింది.

ఇంటికొచ్చేసరికి పిన్ని గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అలికిడి లేదు. పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ష్! మామ్మ పడుకుంది. ఒక జడే వేసింది."

ఒకవైపు జడ నున్నగా, బిగుతుగా ఉంది. రెండోవైపు జుట్టు భుజం మీద చెదిరి ఉంది. పిన్ని మంచం అంచున కూర్చుని, గోడకు తల వాల్చింది. ఒళ్ళో దువ్వెన ఉంది. వేలికి చుట్టుకున్న రిబ్బను వేలాడుతోంది.

"పిన్నీ," అంది. మళ్ళీ అంది.

చెయ్యి పట్టుకుని చూసింది. మొద్దుబారిన వేళ్ళకు ఏమీ తెలియలేదు. వంగి పిన్ని చెయ్యి తన చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది.

కేక పెట్టలేదు. పిల్లను ఒళ్ళోకి లాక్కుని, వీపు పిన్నివైపు ఉండేలా కూర్చోబెట్టుకుంది. పిన్ని వేలినుంచి రిబ్బను మెల్లగా విప్పింది. మూడు పాయలు తీసి రెండో జడ అల్లింది, అంచుదాకా అల్లి ముడి వేసింది. పిల్ల కదలకుండా కూర్చుంది.

"మామ్మ వేసినంత గట్టిగా లేదు," అంది పిల్ల.

"ఊఁ," అంది ఆమె.

అప్పుడు లేచి, పిల్లను ఎత్తుకుని, ఎదుటి ఇంటివాళ్ళ తలుపు తట్టింది.

చీకటి పడకముందే పిన్ని తమ్ముడి కొడుకు వచ్చాడు. బండి వచ్చింది. ఎవరో గుండె అన్నారు, నిద్రలో పోవడం అదృష్టమన్నారు. అతను తలుపుకు తాళం వేస్తూ అడిగాడు.

"మీరు మా అత్తయ్యకు ఏమవుతారండీ?"

ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

"పక్క గదిలో ఉంటాం," అంది.

బండి సందు మలుపు తిరిగిపోయింది. గదిలోకొచ్చి, పిల్లకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

"మామ్మ రేపొస్తుందా?"

"రాదు."

"ఎల్లుండి?"

"ఇంక రాదమ్మా. రేపు పొద్దున నాతో లాండ్రీకి రా, మూటల దగ్గర కూర్చుందువుగాని. మధ్యాహ్నం ఇంకో పరీక్షుంది, కాలేజీకి వెళదాం. నేను రాసేంతసేపూ గుమ్మం దగ్గర ఉండాలి. మాట్లాడకూడదు."

"ఏడిస్తే?"

"ఏడిస్తే బయటికి పంపేస్తారు."

"నన్నా, నిన్నా?"

ఆమె ఎంగిలి చెయ్యి కడుక్కోవడానికి వసారాలోకి వచ్చింది. తాళం వేసిన తలుపు ముందు, దండెం మీద, పిన్ని ఉతికి ఆరేసుకున్న ఊదారంగు స్వెటరు చేతులు కిందికి వేలాడేసుకుని ఉంది. మోచేతుల దగ్గర సాగిపోయి, అంచునుంచి ఇంకా ఒక్కొక్క చుక్కే కారుతోంది.